యజమాని కుర్చీ

పొయ్యియు పొత్రమును తప్ప వేరెరుగని గృహిణి యొకతె కాలిబంతి యాటను గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా దోచవచ్చును. నాకును వింతగనే యున్నది. ఆ యాటలో గోలు కొట్టినవారు గెలుతురనుట తక్క తక్కిన నియమము లేవియు నే నెరుగను. 'ఆఫ్‌సైడు' అను దానిని నా కుమారుడు గరిటెలు, గిన్నెలు పరచి మూడుమారులు విప్పి చెప్పినను నాకు బోధపడలేదు. అయినను గత యేడాది మా యింట గలిగిన కలత యంతయు ఆ బంతి చుట్టును దిరిగినది గావున వ్రాయక తప్పినది కాదు.

మాది జిన్నారము. నేను కాపురమునకు వచ్చినపుడు ఇంటి వెనుక జొన్నచేలుండెడివి. బొల్లారము, ఖాజీపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి తావులలో కర్మాగారములు వెలసిన పిమ్మట ఒడిశా, బీహారు, బెంగాలు ప్రాంతములనుండి పనివాండ్రు వచ్చి ఈ చుట్టుపట్ల గదులు అద్దెకు దీసికొని యుండిరి. నా కుమారుడును ఒక మందుల కర్మాగారమున పని చేయుచున్నాడు. రాత్రిపాళి ముగించుకొని వచ్చి, కంటినిండ నిదురింపక, ఆదివారము తెల్లవారుసరికి బూట్లు చంకబెట్టుకొని బీడునకు బోవువాడు. మన యూరిపిల్లలును, పరప్రాంతపు పనివాండ్రును గలిసి పదునేడుగురు. ఉద్యోగవిరమణ చేసిన డ్రిల్లుమాస్టరు గారొకరు వారికి ఆట నేర్పుచుండెడివారు. వారి జీతము రెండు కప్పుల తేనీరు మాత్రమే.

ఇట్లుండగా కర్మాగారములకు కూలీలను సమకూర్చు కాంట్రాక్టరొకాయన ఈ జట్టును తన జట్టుగా జేసికొనెను. ఆయన పేరు నాకేల? మంచివాడు. అందరకు బూట్లు, బనియన్లు కొనియిచ్చెను. పోటీ యున్న దినమున ఒక్కొక్కరికి 500 రూపాయ లిచ్చుటకును, టెంపో కిరాయి భరించుటకును ఒప్పుకొనెను. ఆటకు డబ్బు ముట్టుచున్నదని విని నేనును సంతసించితిని, దాచుట యేల?

ఆయన బీడు పక్కనున్న వేపచెట్టు క్రింద ఒక ప్లాస్టికు కుర్చీ వేయించుకొని కూర్చుండెడివాడు. మొదట చప్పట్లు కొట్టుటయే ఆయన పని. జట్టు రెండు పోటీలలో ఓడిన తరువాత కుర్చీ గీత దాపునకు జరిగెను. పిమ్మట ఆయనయే గీత దాటి లోనికి వచ్చెను. విరామమున మాస్టరుగారు ఒకటి చెప్పగా ఆయన మరియొకటి చెప్పును. రెండు గోలులు విడిచెనని ఒడిశా పిల్లవానిని గోలునుండి తొలగించిరి. తన మేనల్లుని ముందువరుసలో నిలువబెట్టిరి. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాడు, పాపము, పరుగెత్తలేడు, అంతియే. ఒక ఆదివారమున మాస్టరుగారు రాలేదు. మరుసటి ఆదివారమును రాలేదు. ఎవ్వరితోడను ఒక్కమాట యనలేదు.

వరుసగా ఐదు పోటీలు పోయినవి. ఒకనాటి సాయంకాలము నా కుమారుడు బూట్లను మంచము క్రిందికి దోసి యిట్లనెను: "అమ్మా, బాల్ నా కాడికి వస్తే నేను గోల్ దిక్కు చూస్తలేను. సారు మొకం చూస్తున్న. అందరం గట్లనే చూస్తున్నం. ఇంక నేను పోను."

వాని తండ్రి పోయిన దినమున గూడ వాడట్లు మాటాడగా నేను వినలేదు.

మా మామగారు బ్రతికియున్న దినములలో క్రికెట్ కథలు విసుగులేక చెప్పెడివారు. వానిలో విజయనగర మహారాజకుమారుని కథ నాకానాడు జ్ఞప్తికి వచ్చినది. లోకము విజ్జీ యని పిలుచు ఆయనకు ఆటయన్న ప్రాణము. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ అను ఆంగ్లేయ మహాక్రీడాకారులను తన ఖర్చుమీద మనదేశమునకు రప్పించి ఆడించెను. అంతవరకు మెచ్చదగినదే. కాని, ఆటకు పోషకుడుగా నుండుట ఆయనకు చాలలేదు. 1936లో ఇంగ్లండునకు బోయిన భారతజట్టునకు తానే నాయకుడయ్యెను. మూడు టెస్టులలో ఆరుమారులు బ్యాటుపట్టి ఆయన చేసిన పరుగులు మొత్తము 33. జట్టులో నాటి మేటి ఆటగాడు, 1932లో మన ప్రథమ టెస్టు నాయకుడు, నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువాడగు సి.కె. నాయుడు ఉండగా, ఆయనకును విజ్జీకిని పడలేదు. జట్టు రెండు ముఠాలయ్యెను. నాయుడుగారిని అల్పాహారపు బల్లకడ అవమానించినందుకు బహుమానముగా బాకా జిలానీ యనువానికి టెస్టులో చోటు దొరకినదని నేటికిని చెప్పుకొందురు. నిజమెంతయో గాని, అట్టి మాట పుట్టగలిగినదనుటయే ఆ జట్టు స్థితిని దెలుపుచున్నది. మొదటి టెస్టునకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ నెపమున ఓడనెక్కించి ఇంటికి బంపిరి. మూడింట రెండు టెస్టులు ఓడితిమి. మాంచెస్టరులో మర్చంటు, ముస్తాక్ అలీ కలిసి మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసి ఆ యొక్కటి నిలిపిరి. అక్కరకు వచ్చువారు లేకపోలేదన్నమాట. మన జట్టు ఓడుచుండగనే విజ్జీకి 'సర్' బిరుదము వచ్చుట మరియొక వింత. తరువాత విచారణసంఘము ఆయన నాయకత్వమున దోషముల నెన్నినది, అమర్‌నాథ్‌కు అపవాదు తొలగినది.

ఈ కథ చెప్పగా నా కుమారుడు నవ్వి, తన ఫోనులో కార్డిఫ్ అను జట్టు సంగతి చూపెను. బ్రిటన్‌లోని వేల్సు దేశపు జట్టది, నీలిపిట్టలని ముద్దుపేరు. మలేషియా ధనికుడగు విన్సెంట్ టాన్ దానిని పోషించుచు, 2012లో నీలపు బనియన్లను తీసివేసి ఎర్రవి తొడిగించెను. ఊరివారు గగ్గోలు పెట్టిరి. సోదరీ, మన యింటి పుట్టుచీరెను ఎవరో వచ్చి రంగు మార్చి కట్టుకొమ్మన్న నెట్లుండును? తమాషా యేమనగా, ఆ ఎరుపులోనే జట్టు గెలిచి 51 ఏండ్ల తరువాత మొదటి శ్రేణికెక్కినది. ఇక యజమాని తన చేయి మంచిదని నమ్మకుండునా! మరుసటి యేడు ఆటగాండ్రను ఎన్నుకొను అధికారిని తొలగించి, తన కుమారుని మిత్రుడని పత్రికలు వ్రాసిన 23 ఏండ్ల పిల్లవానిని ఆ పనియందు నిలిపెను. (మేనల్లుడొక్క జిన్నారముననే లేడు.) 2013 డిసెంబరున శిక్షకుని పంపివేసెను. 2014లో జట్టు అట్టడుగున నిలిచి క్రిందిశ్రేణికి దిగజారినది. 2015 జనవరిలో నీలిరంగు మరల వచ్చినది. కలసియుండుటను గూర్చి తన తల్లి చెప్పిన మాటలును అందులకు కారణమని టాన్‌గారే ప్రకటించిరట. ఆ తల్లి యెవరో గాని, ఆమెకు నా నమస్కారము.

అయితే యజమాని లేకున్న జట్టు బాగుపడునా యందురేమో. మన హైదరాబాదు కాలిబంతి క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళవారిని ఓడించి దేశపు లీగులో విజేత యయ్యెను. రెండేండ్లు తిరుగకమునుపే జీతములు అందక ఆటగాండ్రు ఒక్కరొక్కరుగా వెడలిపోయిరి. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. కాబట్టి డబ్బుసంచి వలయును. సంచి పట్టుకొన్నచేయి బంతిని గూడ పట్టుకొనుటయే చిక్కు.

రహీంగారి సంగతియు తలపునకు వచ్చుచున్నది. ఆయన జీవితమును బట్టి తీసిన 'మైదాన్' చిత్రమును 2024లో మేము చూచితిమి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిక్రింద 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలిచినది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినపుడు వెనుకవరుస వాడగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడగా, రహీం అతనిని ఇంటికి బంపలేదు, ముందువరుసకు మార్చెను. తుదిపోటీలో కొరియాపై గెలిచిన రెండు గోలులలో ఒకటి జర్నైలుదే. తావు మార్చుట మా కాంట్రాక్టరుగారును చేసిరి. కాని రహీంగారు ఆటగాని కాలిని ఎరిగి మార్చిరి.

ఇంతవరకు వ్రాసి కలము క్రింద బెట్టవలసినది. కాని మనసొప్పుట లేదు.

ఆ సంక్రాంతికి మా కోడలు సకినాలు చుట్టుచుండెను. పిండి నానబెట్టుట, నువ్వులు, వాము కలుపుట యన్నియు ఆమెయే చేసినది. నేను పక్కన పీట వేసికొని కూర్చుంటిని. నీరెక్కువైనదంటిని, చుట్టు సన్నముగా రావలెనంటిని, మా అత్తగారు నాలుగుచుట్లు చుట్టెడివారంటిని. ఒకటి తెగినది. రెండవదియు తెగినది. నేను చేయిచాచి పిండి లాగుకొనబోయితిని. ఆ పిల్ల కోపపడలేదు. "అత్తమ్మా, చేతికి పిండి బాగనే వస్తున్నది. మీ మొకం చూసుకుంట చుడుతున్న, గందుకే తెగుతున్నది" అని మెల్లగా ననెను.

కొడుకు నోట విన్నమాటయే. ఏడేండ్లుగా ఆ పిల్ల నా వంటయింట నా ముఖము చూచుచు వండినదా యని నాకప్పుడు తట్టినది. ఉప్పు డబ్బా నా చేతికందు తావున నుండుటయు, పప్పు దించునపుడు ఆమె ఒక్కక్షణము ఆగుటయు నేనెరిగినవే. వానిని మర్యాద యనుకొంటిని. నేను లేచి ముందరిగదిలోనికి బోతిని. ఆ సకినాలు గట్టిగా వచ్చినవా యనిన, కొన్ని వచ్చినవి, కొన్ని రాలేదు. చుట్టుట నేర్చినకొలదియే వచ్చును గదా.

కాంట్రాక్టరుగారి భార్య నాకు పరిచితురాలే. సంక్రాంతి నోమునకు పసుపుకుంకుమలకై వారింటికి బోయి, సకినాల సంగతి నామీద పెట్టుకొనియే చెప్పితిని, బంతిమాట యెత్తలేదు. ఆమె తెలివిగలది; నవ్వి, "ఇంట్ల గూడ గట్లనే వదినా! కూర మాడిందని గరిటె గుంజుకుంటడు" అనెను. ఆమె భర్తతో నేమి చెప్పెనో నే నడుగలేదు. ఫాల్గుణమాసమున మాస్టరుగారింటికి కాంట్రాక్టరుగారే స్వయముగా బోయిరని విన్నాను. మాస్టరుగారు వెంటనే రాలేదు. మూడు వారములకు వచ్చిరి. ఒడిశా పిల్లవాడు మాత్రము అప్పటికే పని మానుకొని తన యూరికి వెడలిపోయినాడు. వానివంటి గోలుకీపరు మరల దొరకలేదని నా కుమారుడు నేటికిని నొచ్చుకొనును. జట్టు ఒక పోటీ గెలిచినది, రెండు ఓడినది. కుర్చీ ఇప్పటికిని గీత దాపుననే యున్నదట. వేపచెట్టు క్రిందికి ఇంకను పోలేదు.

నేడు మా కోడలు సర్వపిండి కాల్చుచున్నది. నేను ముందరిగదిలో కూర్చుండి యిది వ్రాయుచున్నాను. గిన్నె అడుగంటిన వాసన యేదో వచ్చుచున్నది. లేచి చూడవలెనని యున్నది.