అట్లాంటాలో చెట్ల డాక్టరు

విమానం అట్లాంటాలో దిగబోతుంటే కిటికీలోంచి కిందికి చూసి, దారితప్పి ఏ అడవిలోనో దించుతున్నారేమో అనుకున్నాను. అక్కడక్కడా ఇంటి కప్పులు, మిగతాదంతా పచ్చదనమే! ఈ ఊరికి 'అడవిలో నగరం' అని పేరుందని తర్వాత తెలిసింది. 2008 నాటి ఉపగ్రహ చిత్రాలతో జార్జియా టెక్ వాళ్ళు లెక్కగడితే, నగరంలో 47.9 శాతం నేల మీద చెట్ల గొడుగు ఉందని తేలిందట. వీధులకేమో ఎక్కడ చూసినా 'పీచ్‌ట్రీ' అనే పేరే. కానీ నేనున్న మూడు నెలల్లో ఒక్క పీచ్ చెట్టూ కంటబడలేదు. అన్నీ ఓక్‌లూ, పైన్‌లే. మార్చి నెలాఖరుకు పైన్ పుప్పొడి రాలి కార్లూ, మెట్లూ పచ్చగా అయిపోతాయి. గడపకు పసుపు రాసే పని తప్పిందని మా ఆవిడ నవ్వింది.

మేం వెళ్ళింది 2024 మార్చిలో. మా అమ్మాయి వాళ్ళిల్లు నగరానికి తూర్పున కర్క్‌వుడ్ అనే పాత పేటలో ఉంది. ఇంటి ముందు ఒక వైట్ ఓక్, వెనక ఒక వాటర్ ఓక్. ముందుది వీధివైపు ఒరిగి, రెండు ఎండుకొమ్మలు చాచి, చూడగానే గుండె గుభేల్‌మనేలా ఉండేది. వెనకది గుబురుగా, నిండుగా, మా మనవడు పడుకునే గది మీద గొడుగు పట్టినట్టు ఉండేది. 'ఎంత చల్లటి నీడో' అని రోజూ దాని కిందే కుర్చీ వేసుకునేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే పక్కవీధిలో ఒక ఓక్ వేళ్ళతో సహా లేచి కారు మీద పడి ఉంది. మేం కాఫీ తాగుతుండగానే ఒకతను తలుపు తట్టాడు. పికప్ ట్రక్కు, వెనక మోటారు రంపం. ముందు చెట్టు వైపు చెయ్యి చూపించి, "ఇది ఇవాళో రేపో మీ మీద పడుతుంది. ఇవాళే అయితే 1,800 డాలర్లు. నగదు ఇవ్వాలి" అన్నాడు. మా అల్లుడు తలూపబోయాడు. నేనైతే "కొట్టించెయ్ బాబూ, పీడా పోతుంది" అనేశాను కూడా.

"ఆగండి నాన్నా, చెట్టుకేసి అర నిమిషమైనా చూశాడా అతను?" అంది అమ్మాయి.

పైగా ఆ ఊళ్ళో మన పెరట్లో చెట్టయినా మన ఇష్టం కాదు. రొమ్ము ఎత్తున కొలిస్తే ఆరంగుళాల మందం దాటిన ఏ చెట్టు కొట్టాలన్నా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. పచ్చటి చెట్టయితే ఇంటి ముందు బోర్డు పెడతారు. ఇరుగుపొరుగు వాళ్ళు అభ్యంతరం చెప్పొచ్చు. మనకూ 2002 నుంచి వాల్టా చట్టం ఉందనుకోండి. కానీ మా అమలాపురంలో చెట్టు కొట్టేముందు మేం ఏనాడూ ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. నిజం ఒప్పుకోవాలి కదా.

చెట్లకు అక్కడ వేరే నిపుణులుంటారు. ఆర్బరిస్టు అంటారు. అంతర్జాతీయ ఆర్బరికల్చర్ సంఘం ఒకటుంది, 1924లో పుట్టింది. మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు అది పరీక్ష పెట్టి, నెగ్గితే ధ్రువపత్రం ఇస్తుంది. ఆ నంబరు సరైనదో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. మా అమ్మాయి ముగ్గురికి ఫోన్ చేసింది. అందరినీ అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు, కూలీలకు బీమా ఉందా అని. బీమా లేని మనిషి చెట్టు మీంచి పడితే ఆ ఖర్చు ఇంటివాళ్ళ మెడకు చుట్టుకోవచ్చట. బీమా కాగితం కూడా పనివాళ్ళ చేత్తో కాదు, బీమా కంపెనీ నుంచే తెప్పించుకుంది. ఒకాయన ఫొటో పంపితే చాలు, రేటు చెప్పేస్తానన్నాడు. అతన్ని వదిలేసింది.

వచ్చినావిడకు యాభై ఏళ్ళుంటాయి. చేతిలో కొయ్య సుత్తి. చెట్టు చుట్టూ తిరుగుతూ, పుచ్చకాయలు కొనేవాడు కొట్టి చూసినట్టు మొదలంతా కొట్టి వింది. వేళ్ళ దగ్గర మట్టి తవ్వి చూసింది. పైకి చూసింది. రెండు చెట్లకీ కలిపి గంటన్నర పట్టింది. మేం భయపడిన ముందు చెట్టుకు ఏమీ లేదట! అది ఒరిగి ఎన్నో ఏళ్ళయింది, ఒరిగాక కొస మళ్ళీ నిటారుగా పెరిగింది, వేళ్ళు గట్టిగా ఉన్నాయి. ఎండుకొమ్మలు తీస్తే చాలు.

వెనక చెట్టు దగ్గర మాత్రం ఆగిపోయింది. మొదట్లో చెక్క అరలా గట్టి పుట్టగొడుగు. నేను రోజూ చూస్తూ, అదో అందం అనుకున్నదే. సుత్తితో కొడితే డప్పు మోగినట్టు మోగింది. సన్నటి సూదిలాంటి బరమా ఉన్న యంత్రం గుచ్చితే, ఈసీజీలా కాగితం మీద గీత వచ్చింది. నాలుగంగుళాలు గట్టి చెక్క, ఆ తర్వాత గీత కిందికి పడిపోయింది. లోపలంతా బోలు. వాటర్ ఓక్ తొందరగా పెరుగుతుంది, తొందరగానే ముసలిదవుతుందట. మనవడి మంచం దాని కిందే ఉందన్న సంగతి మా ఆవిడకు అప్పుడు తట్టింది. ఆ రాత్రి నుంచి పిల్లాడు మా గదిలోనే పడుకున్నాడు.

నాకు మా వేపచెట్టు గుర్తొచ్చింది. 1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చేశాక, మిగిలిన వేపను చూసి భయమేసి, కొమ్మలన్నీ మోడుకు కొట్టించాం. కోసిన చోట తారు పూశాం. రెండేళ్ళకే గుబురుగా చిగిర్చింది, సంబరపడ్డాం. ఏడేళ్ళకు ఆ చిగుళ్ళలోంచి పెరిగిన కొమ్మే, గాలి లేని మధ్యాహ్నం విరిగి అరుగు మీద పడింది. అమ్మ అప్పుడే లేచి లోపలికెళ్ళింది.

ఆమెకు ఈ సంగతి చెబితే, అలెక్స్ షైగో పేరు ఎత్తింది. అమెరికా అటవీ శాఖలో శాస్త్రవేత్త (1930-2006). రంపంతో వేలాది చెట్లను నిలువునా చీల్చి లోపలేముందో చూసినాయన. చెట్టుకు గాయం మనకు మానినట్టు మానదని తేల్చాడు. దెబ్బతిన్న భాగం చుట్టూ అడ్డుగోడ కట్టుకుని, దాన్ని అలాగే లోపల ఉంచుకుని, పైన కొత్త చెక్క వేసుకుంటుందట. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటుకు అవతల కోస్తే ఆ గోడ బాగా కడుతుంది. మోడు చేస్తే కట్టలేదు, కుళ్ళు కిందికి దిగుతుంది. తారు వల్ల లాభమేమీ లేదు. మోడు మీద వచ్చిన చిగుళ్ళకేమో గట్టి పట్టుండదు. మేం సంబరపడింది ఆ చిగుళ్ళను చూసే!

వెనక చెట్టుకు అనుమతి వచ్చాక మనుషులు దిగారు. ఎక్కినవాడు గ్వాటెమాలా కుర్రాడు. మనవైపు గీతకార్మికుడి మోకును, కొబ్బరి దింపువాళ్ళను చూసిన కళ్ళతో అతని తాళ్ళూ, కొక్కేలూ చూస్తూ ఉండిపోయాను. ఏ కొమ్మా దభీమని పడలేదు. ఒక్కొక్కటీ తాడుకు కట్టి, ఉయ్యాల్లో పాపాయిని దించినట్టు దించారు. ఆ చెట్టు ఎక్కేటప్పుడు బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకున్నాడు. ముందు చెట్టెక్కేటప్పుడు వాటిని విప్పేశాడు. ఎందుకని అడిగితే, "అది బతికేది కదా" అన్నాడు. ఒక్కో ముల్లూ ఒక్కో గాయమే మరి. రెండింటికీ కలిపి 5,300 డాలర్లయింది. రూపాయల్లోకి మార్చొద్దని అల్లుడు ముందే చెప్పాడు. మార్చాను. ఆ పూట అన్నం సయించలేదు.

వీలైతే ఆథెన్స్ వెళ్ళి ఓ చెట్టును చూసి రండని ఆవిడ చెప్పింది. మేలో వెళ్ళాం, 110 కిలోమీటర్లుంటుంది. వీధి మధ్యలో చిన్న గోడ, దాంట్లో ఒక వైట్ ఓక్. విలియం జాక్సన్ అనే ఆయన ఆ చెట్టు మీద ప్రేమతో, దాన్నీ, చుట్టూ ఎనిమిదడుగుల నేలనూ దానికే రాసిచ్చేశాడని కథ. 1890లో అక్కడి పత్రికలో వచ్చింది. చట్టం ముందు అలాంటి రాత చెల్లదు. అయినా ఊరు కాదనలేదు. ఆ అసలు చెట్టు వేళ్ళు కుళ్ళి 1942లో కూలిపోయింది. దాని గింజ నుంచి మొలిచిన చెట్టును 1946లో అక్కడి మహిళల తోట సంఘం అదే చోట నాటింది. ఇప్పుడున్నది ఆ కొడుకు చెట్టు. మనవడు గోడెక్కి దాన్ని కావలించుకోబోతే, దిగమని అరిచాను. పరాయివాళ్ళ ఆస్తి కదా!

ఇంటికొచ్చాక, కొట్టేసిన చెట్టు పొట్టునే తెల్ల ఓక్ చుట్టూ పరిచాం. కాండానికి ఆనించకూడదని ఆవిడ మరీమరీ చెప్పింది, బెరడు చెమ్మెక్కి కుళ్ళుతుందట.

ఆ రాత్రే అమలాపురంలో తమ్ముడికి ఫోన్ చేశాను. వాకిట్లో మామిడిచెట్టు మొదలుదాకా సిమెంటు చేయించాం, అది పగలగొట్టించమన్నాను.

"ఎంతమేర అన్నయ్యా?"

"కనీసం నాలుగడుగులు. చుట్టూరా."

కాసేపు మాట్లాడలేదు.

"మరి స్కూటరెక్కడ పెట్టుకోను?" అన్నాడు.