ఫిల్ము తర్వాత, ముందు కాలు చూపించండి

నా ఫోన్‌కి వచ్చే ఎంఆర్‌ఐ ఫొటోల్లో సగం ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని తీసినవే. ఫిల్ము మూల మీద ఎవరిదో బొటనవేలు, వెనకాల ఫ్యాను రెక్క, మధ్యలో ఎక్కడో ఓ మనిషి వెన్ను. మస్కట్ నుంచి, నైరోబీ నుంచి, మొగదిషు నుంచి వస్తాయి. ఈమధ్య డాలస్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్ళూ పంపుతున్నారు. ఊర్లు వేరైనా ప్రశ్నలు మాత్రం అవే: ఎంతవుతుంది, ఎన్నాళ్ళు ఉండాలి, కోత ఎంత ఉంటుంది?

హైదరాబాద్‌లో వెన్నెముక సర్జన్‌గా నా అసలు పని ఆపరేషన్ థియేటర్‌లో కాదు, ఇక్కడే మొదలవుతుంది. ఆ మూడింటికీ జవాబు చెప్పకుండా నేనే ఎదురు అడుగుతాను. నొప్పి నడుములోనా, కాలులోనా? ఏ కాలు? పిక్క దాటి కిందికి దిగుతోందా? దిగితే బొటనవేలి వైపా, చిటికెన వేలి వైపా? బొటనవేలి వైపు లాగితే సాధారణంగా ఎల్5 నరం, చిటికెన వేలి వైపయితే ఎస్1. వీడియో కాల్‌లో మడమల మీద నాలుగడుగులు వేయించి, తర్వాత మునివేళ్ళ మీద నడిపిస్తాను. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు పైకెత్తమని పక్కనున్న కొడుక్కో భార్యకో చెబుతాను. కాలు జానెడు లేచిందో లేదో ‘అమ్మో’ అన్నారంటే సగం సంగతి తెలిసిపోయినట్టే. ఫిల్ము చూడ్డం ఆ తర్వాత.

ఎందుకంటే ఫిల్ములో ఏదో ఒకటి కనపడకపోవడమే అరుదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి చూశారు. వాళ్ళలో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ శుభ్రంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. అంటే నొప్పి లేనివాళ్ళ రిపోర్టు కూడా చదివితే భయపెట్టేలాగే ఉంటుందన్నమాట. మన దగ్గర ఆ రిపోర్టుని ‘గుజ్జు అరిగిపోయింది’, ‘గ్యాప్ వచ్చింది’ అని చెప్పి పంపేస్తారు. ఆ మాటతో ఇంటికెళ్ళిన మనిషి ఇక వంగడానికి కూడా జంకుతాడు. రిపోర్టులో రాసిన చోటు, కాలులో నొప్పి దిగే దారి ఒకదానితో ఒకటి కలిస్తేనే కత్తి సంగతి ఆలోచించాలి.

కలిసినా వెంటనే కాదు. డిస్కు జారి నరం నొక్కుకుపోయిన వాళ్ళలో చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే నొప్పి దారికొస్తుంది. బయటికి జారిన ముక్కను ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుంది. విడిపోయి దూరంగా పడ్డ పెద్ద ముక్కలే త్వరగా కరుగుతాయంటే చాలామంది నమ్మరు. అందుకే మూడో వారంలో ఫిల్ము పంపినవాళ్ళకి టికెట్టు కొనొద్దనే చెబుతాను. మా మార్కెటింగ్ కుర్రాళ్ళకి ఇది రుచించదు. ‘‘సార్, వాళ్ళు ఇంకో సిటీకి వెళ్ళిపోతారు’’ అంటారు. వెళ్ళనీ.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసులూ ఉంటాయి. తూర్పు ఆఫ్రికాలో పనిచేస్తున్న గోదావరి జిల్లా అబ్బాయి ఒకరు ఓ శనివారం ఫోన్ చేశారు. రెండు కాళ్ళూ తిమ్మిరి, పొద్దుటినుంచి మూత్రం రావట్లేదు, కూర్చుంటే పిరుదుల కింద కుర్చీ తగులుతున్నట్టే లేదు. ‘‘రాత్రి ఫ్లైటుకి వచ్చేయనా సార్?’’ అన్నారు. వద్దన్నాను. నడుము అడుగున గుర్రపుతోకలా వేలాడే నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతే వచ్చే లక్షణాలవి. గంటల లెక్కన పని జరగాలి. విమానం, వీసా, అంబులెన్సు కలిసి రోజున్నర తినేస్తాయి. అంతసేపు ఆగితే మూత్రం మీద పట్టు మళ్ళీ రాకపోవచ్చు. అక్కడే ఉన్న న్యూరోసర్జన్ దగ్గరికి పంపాం. కోత చిన్నదా పెద్దదా అని అడిగే వేళ కాదది. ఆ రాత్రే నరాల్ని నొక్కుతున్న ముక్క తీసేశారు.

విదేశాల నుంచి వచ్చినవాళ్ళని చూడ్డంలో నేను కొత్తగా నేర్చుకున్న ప్రశ్న ఒకటుంది: పచ్చిపాలు తాగుతారా? సోమాలియా వ్యాపారి ఒకాయన ఎల్4-ఎల్5 డిస్కుకి ఎండోస్కోపీ చేయించుకోవాలని వచ్చారు. ప్యాకేజీ కుదిరిపోయింది, గది కూడా ఇచ్చేశారు. టోలీచౌకీలో చుట్టాల ఇంట్లో దిగారు. ఆయన వెంట అనువాదానికి వచ్చిన హైదరాబాద్ బార్కస్ కుర్రాడు అరబ్బీ, ఉర్దూ రెండూ గడగడా మాట్లాడతాడు. అతను మాటల మధ్యలో, ‘‘సాయంత్రం అయితే ఈయనకి చెమటలు పడుతున్నాయంట సార్’’ అన్నాడు, అదేదో అంత ముఖ్యం కానట్టు. ఎంఆర్‌ఐ మళ్ళీ తెరిచాను. పాడైంది డిస్కు ఒక్కటే కాదు, దాన్ని ఆనుకుని ఉన్న రెండు వెన్నుపూసల అంచులూ మారి ఉన్నాయి. మన దేశంలో ఇలాంటి బొమ్మ చూస్తే ముందు క్షయ గుర్తొస్తుంది. ఈయన మాత్రం ఇంట్లో ఒంటెపాలు కాచకుండానే తాగుతామన్నారు. రక్తపరీక్ష పంపితే బ్రూసెల్లా అని వచ్చింది. పశువుల నుంచి పచ్చిపాల ద్వారా వచ్చే ఈ సూక్ష్మజీవికి నడుము పూసలంటే మహా ఇష్టం. మందు డాక్సీసైక్లిన్, దానికి తోడు రిఫాంపిసిన్, వెన్నుపూసకి పాకితే కనీసం మూడు నెలలు. ఆయన కోత లేకుండా, మందుల సంచితో ఇంటికెళ్ళారు. ఖాళీ అయిన గది గురించి బిల్లింగ్ వాళ్ళు అడిగారు. చెప్పాను.

ఇక కోయాల్సిన వాళ్ళ సంగతి.

బోర్లా పడుకోబెడతాం, పొట్ట మాత్రం ఫ్రేము మధ్య ఖాళీలో వేలాడాలి. పొట్ట నొక్కుకుంటే వెన్ను లోపలి సిరలు ఉబ్బుతాయి, చిన్న రంధ్రంలో అడుగడుగునా నెత్తురు ఊరుతుంది. ఈ పడుకోబెట్టడం నేను దగ్గరుండి చూసుకుంటాను, వేరేవాళ్ళకి వదలను. తర్వాత నడుములోకి సన్నటి సూది దించి, సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో కింది త్రికాస్థి నుంచి పైకి పూసలు లెక్కపెడతాం. నేను లెక్కపెడతాను, అసిస్టెంటు విడిగా లెక్కపెడతాడు, ఎంఆర్‌ఐతో పోలుస్తాం. ఇదంతా ఎందుకంటే కొందరి ఐదో పూస త్రికాస్థికి అతుక్కుపోయి ఉంటుంది, కొందరికి నడుములో ఆరు పూసలున్నట్టు కనిపిస్తుంది. అలాంటి మనిషికి పై దేశంలో ఎంఆర్‌ఐ తీసినవాళ్ళు ఒక లెక్కా, మేమొక లెక్కా వేసుకుంటే బాగున్న డిస్కుని తెరుస్తాం. పెద్ద కోతలో ఎముకలు కంటికి కనిపిస్తాయి కాబట్టి పొరపాటుని పట్టుకునే వీలు కొంత ఉంటుంది. చిన్న కోతలో ఎక్స్‌రే ఒక్కటే దిక్కు.

లెక్క కుదిరాక నడిమధ్యకి వేలెడు పక్కగా రెండు సెంటీమీటర్లు కోస్తాం. సన్నటి గొట్టం, దాని మీదుగా కాస్త లావుది, దాని మీదుగా మరొకటి. కండరాన్ని కోయకుండా పోగులు పక్కకి జరుపుకుంటూ వెళ్ళి, చివరికి 18 మిల్లీమీటర్ల ట్యూబు నిలబెట్టి బల్లకి బిగిస్తాం. ఇక అంతా మైక్రోస్కోపు కిందే. ఎముక అంచుని బర్ డ్రిల్లుతో పలచన చేసి, కెరిసన్ అనే పరికరంతో కొంచెం కొంచెంగా కొరికి తీస్తాం. పసుపుపచ్చ లిగమెంటు తెరుచుకుంటుంది. దాని కింద నరాల్ని కప్పి ఉండే డ్యూరా పొర, పక్కకి తిరిగే నరం. మామూలుగా నరం తేలిగ్గా పక్కకి జరుగుతుంది. ముక్క కింద ఇరుక్కున్నది జరగదు, ఎర్రబారి బిగుసుకుని ఉంటుంది. దాన్ని అర మిల్లీమీటరు, మరో అర మిల్లీమీటరు జరుపుతుంటే ఒక్కసారిగా ముక్క దానంతటదే బయటికి పొడుచుకొస్తుంది. తెల్లగా, పీచుపీచుగా, ఉడికిన పీత మాంసంలా ఉంటుంది. అది తీశాక నరం తిరిగి తన చోట పడుకుంటుంది. అక్కడితో ఆపాలి. మిగిలిన డిస్కునంతా గోకి శుభ్రం చేద్దామన్న ఆత్రం ఈ పనికి మంచిది కాదు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. కాలినొప్పికి జారిన డిస్కు కారణమని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ 1934లో రాశారు. మైక్రోస్కోపుతో చేయవచ్చని 1977లో యాషర్గిల్, కాస్పర్ ఎవరికి వారు చూపించారు. ట్యూబు పద్ధతిని 1997లో ఫోలీ, స్మిత్ తెచ్చారు. ఇప్పటి ఎండోస్కోపులో కోత ఎనిమిది మిల్లీమీటర్లకి తగ్గింది. పక్క నుంచి వెళ్ళే రకంలో కొందరికి పూర్తి మత్తు కూడా అక్కర్లేదు, ‘‘కాలులోకి లాగుతోందా?’’ అని మనిషిని అడుగుతూనే పని కానిస్తాం.

అయినా ఒక మాట చెప్పాలి. కోత చిన్నదన్న కారణంగా సముద్రాలు దాటి రావద్దు. నెదర్లాండ్స్‌లో 328 మందిని రెండు జట్లుగా చేసి, ఒకరికి ట్యూబు ద్వారా, ఒకరికి మామూలు మైక్రో పద్ధతిలో డిస్కు ముక్క తీశారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది తర్వాత చూస్తే ట్యూబు వాళ్ళు ముందేమీ లేరు, కొన్ని కొలతల్లో కాస్త వెనకబడ్డారు కూడా. ట్యూబే ఎక్కువగా వాడే నేను ఈ సంగతి దాచను. ఒక్క డిస్కు ముక్క తీయడానికైతే చెయ్యి తిరిగిన సర్జన్ ముఖ్యం. ఆ సర్జన్ ఏ గొట్టంలోంచి చూస్తాడన్నది తర్వాత. స్క్రూలు వేసి పూసలు కలిపే ఫ్యూజన్‌లో మాత్రం కండరం కాపాడటం బాగా అక్కరకొస్తుంది. నెత్తురు తక్కువ పోతుంది, మనిషి త్వరగా లేస్తాడు.

కొందరికి చిన్న కోత అసలు పనికిరాదు. నల్లగొండ నుంచి ఓ పెద్దాయన వచ్చి, ‘‘చిన్న కోతతోనే అయితదంట గద సారూ’’ అన్నారు. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఆయన వెన్ను లోపలి లిగమెంట్లు ఎముకగా మారి వెన్నుపామును పొడుగునా నొక్కేశాయి. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు గుర్తించి రాసిన జబ్బిది. అక్కడ సందు లేదు. చిన్న రంధ్రంలోంచి పరికరం దూర్చితే ఉన్న కాస్త చోటూ పోయి కాళ్ళు పడిపోతాయి. వెడల్పుగా తెరిచి, ఎముకని పైనుంచి పలచన చేసుకుంటూ ఎత్తి తీయాలి. ఆయనకి బాగా పొడుగు కోతే వేశాం.

డబ్బు గురించి కూడా చెప్పేస్తాను, ఎవరూ చెప్పరు కనక. ప్యాకేజీలో ఏముందన్న దానికంటే ఏం లేదన్నది అడగండి. ఇంప్లాంట్లు విడిగానా? డ్యూరా చిరిగి రెండు రోజులు ఎక్కువ ఉండాల్సొస్తే ఎవరి లెక్క? మధ్యలో ఉన్న ఏజెంటుకి వాటా ఎంత? అది మీ బిల్లులోంచే పోతుంది. ‘లేజర్’ అని పెద్ద అక్షరాల్లో రాసినంత మాత్రాన మీ డిస్కుకి దాని అవసరం ఉన్నట్టు కాదు. కాలినొప్పి ఒక్కటే ఉండి, పూసలు కదలకుండా ఉన్నప్పుడు స్క్రూలంటే ఎందుకని అడగండి. జవాబు రెండు వాక్యాల్లో అర్థమయ్యేలా రాకపోతే ఇంకో సర్జన్‌కి చూపించండి. మెడికల్ వీసా మీద తోడుగా ఇద్దరిదాకా అటెండెంట్ వీసాతో రావచ్చు. ఒక్కరే రావడం మాత్రం వద్దు.

అమెరికా తెలుగువాళ్ళతో నా పేచీ వేరు. వాళ్ళ టికెట్టే ఆపరేషన్ తేదీ నిర్ణయిస్తుంది. సంక్రాంతికి నాలుగు వారాలు సెలవు పెట్టి వస్తారు. పెళ్ళి ఒకటి, తిరుపతి ఒకటి, మధ్యలో నడుము. అక్కడ ఎంఆర్‌ఐకి ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయమని ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పుతారని విసుగు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది కానీ ఆ ఆరు వారాల్లోనే చాలామంది నడుములు బాగవుతాయి. మూడో వారంలో చేయించుకుని నాలుగో వారంలో ఇరవై గంటల విమానం ఎక్కుతామంటే ఒప్పుకోను. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఒకటి, గాయం లోపల ఏదైనా తేడా వస్తే మూడో దేశంలో చిక్కుకోవడం ఇంకొకటి. మామూలు డిస్కుకి కనీసం రెండు వారాలు, స్క్రూలు వేస్తే నెల దాటాకే విమానమని చెబుతాను. ఎక్కాక నడవా పక్క సీటు, కాలికి బిగుతు మేజోళ్ళు, గంటకోసారి లేచి నడక.

వెళ్ళేటప్పుడు చేతికిచ్చే ఫైలు నా దృష్టిలో ఆపరేషన్‌లో భాగమే. ఏ పూసల మధ్య ఏం తీశామో రాసిన నోటు, సీ-ఆర్మ్ బొమ్మలు, స్క్రూలుంటే వాటి డబ్బాల మీది స్టిక్కర్లు, ఫిల్ములు కాకుండా సీడీ. ఎందుకంటే ఇలా తీసినవాళ్ళలో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్ళీ జారొచ్చు. అప్పుడు తెరిచే సర్జన్ ఏ దేశంలో ఉంటాడో తెలియదు.

చివరి రోజు అడిగే ప్రశ్నలు అన్నిటికంటే నాకిష్టం. గుంటూరు ముసలాయనకి నులకమంచం మీద పడుకోవచ్చా అన్న బెంగ. నమాజు చేసేవాళ్ళు నుదురు నేలకి ఆనించే సజ్దాకి ఎప్పుడు వంగొచ్చంటారు. ఆరు వారాలు కుర్చీలో కూర్చుని చేసుకోమంటాను. కింద కూర్చుని అందరితో కలిసి మండీ తినడమూ అప్పటిదాకా బందే. మస్కట్ నుంచి వచ్చిన ఒకాయన మాత్రం పికప్ ఎప్పుడు నడపొచ్చని అడిగారు. ఎక్కడికంటే వాళ్ళ దేశంలోనే ఉన్న సలాలాకి. వెయ్యి కిలోమీటర్ల దారి. ఆరు వారాలు వద్దన్నాను. కాసేపు ఆలోచించి, సగం దూరం తాను నడిపి మిగతాది తమ్ముడికి ఇస్తే సరిపోతుందా అని అడిగించారు. తమ్ముడే మొత్తం నడపాలి, మీరు గంటకోసారి దిగి నడవాలి అన్నాను. తమ్ముడి డ్రైవింగు నేను చూడలేదు కాబట్టే అలా అంటున్నానట.