గోదావరిగట్టున నడక

వైశాఖమున మేము రాజమహేంద్రవరమునఁ బుట్టినింట నుంటిమి. వ్యాయామమునకై యొకనాఁడు వదినగారితోఁ గూడి కోటిలింగాలరేవునుండి గట్టు వెంబడి నడువ బయలుదేఱితిమి. అప్పటికే యెనిమిదిగంటలైనది, ఆ యాలస్యము మాదే. నది ప్రక్కనే యున్నది గదా, చల్లగా నుండునని తలఁచితిమి. సోదరీమణులారా, గాలిలోఁ దడి మిక్కిలి యైనపుడు చెమట యాఱదు; అది యాఱనిదే మేను చల్లబడదు.

1997 వఱకు రైళ్లు నడచిన హేవ్‌లాకు వంతెన దాపునకుఁ జేరునప్పటికి వదినగారికిఁ దల తిరిగెను. "ఇంక కొంచెమే గదా!" యని మే మనఁబోయి, ఆమె మొగము చూచి యూరకుంటిమి. నీడకుఁ జేర్చి, తడిగుడ్డతో మెడయుఁ జేతులును దుడిచి, కొంగుతో విసరితిమి. కూఁతురి పేరడుగఁగా సరిగనే చెప్పినది; మాట తడఁబడియుండినచో వెంటనే యాసుపత్రికిఁ గొనిపోవలసినదే. పిదప నుప్పు వేసిన మజ్జిగ గుక్కగుక్కగాఁ ద్రాగించితిమి.

రెండుదినములు విశ్రమించి, పిమ్మటఁ దెల్లవాఱకమునుపే పోయివచ్చుచుంటిమి. మజ్జిగసీసాను మాత్రము వదినగారు మా చేతి కిచ్చుట మానిరి.