మబ్బు కింది ఊరు

మన్యంలో నాలుగు రోజుల ప్రకృతియాత్రకు చివరి మజిలీగా వంజంగి కొండను ఎంచుకున్నాము. పాడేరు నుండి చీకటితోనే బయలుదేరి, జీపు ఆగినచోట దిగి, కర్ర ఊతంతో పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. లోయలన్నీ మబ్బుతో నిండిపోయి, శిఖరాలు మాత్రమే పైకి తేలి కనిపించాయి.

మా బృందంలో ఒక మిత్రుడు లోగడ అండమాన్ వెళ్లి, ఓడలో బారెన్ ద్వీపాన్ని చుట్టి వచ్చినవాడు. “అచ్చం ద్వీపాలే మాష్టారూ! ఇవీ అగ్నిపర్వతాలేనా?” అన్నాడు.

కావు. బారెన్ ద్వీపం మన దేశంలో సజీవంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం. దీర్ఘనిద్ర తరువాత 1991లో మళ్లీ నిప్పులు కక్కింది. తూర్పు కనుమల చరిత్ర వేరు. ఒకనాటి ఇసుక, బంకమన్ను భూగర్భంలోకి దిగి, సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం వేడికీ ఒత్తిడికీ లోనై ఈ రాయిగా మారాయి. 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి ఖోండలైటు అని నామకరణం చేశాడు. ఆ పేరు ఈ కొండల్లో నివసించే ఖోండులది. మన్యంలో వారిని కోదులంటారు.

‘ద్వి’, ‘అప్’ కలిసి ద్వీపమైంది. ఇరువైపులా నీరు గలదని వ్యుత్పత్తి. ఆ సంగతి మిత్రునికి చెబుతూ, అక్కడ టీ కాచి అమ్ముతున్న ముసలమ్మను “మీ ఊరెక్కడమ్మా?” అని అడిగాను.

“ఆ మబ్బు కిందనే బాబూ. పొద్దెక్కితే గాని దారి అగుపడదు. కిందటేడు మా కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి ఈ మబ్బులోనే మోసుకొచ్చారు. ముందున్నోడు కేకేస్తే ఆ కేక పట్టుకుని వెనకున్నోడు అడుగేసేవాడు.”

“బిడ్డ?”

“ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు” అంటూ గ్లాసు అందించింది.

ఎండ పైకి వచ్చాక మబ్బు విడిపోయింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, రేకుల కప్పులు, సన్నని కాలిబాట బయటపడ్డాయి. చూడవలసినది అయిపోయిందని యాత్రికులు కెమెరాలు సర్దుకుని దిగసాగారు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు దానికి కేంద్రమైంది. అయినా ఈ కొండల్లో డోలీ ఇంకా దిగలేదు. వంజంగి మేఘసముద్రపు ఛాయాచిత్రాలు మీరూ చూసే ఉంటారు. ఆ తెల్లదనం అడుగున కొండరాతికి తమ పేరిచ్చిన జనం ఉన్నారనీ, వారికి కావలసినది రోడ్డనీ, ఈసారి ఆ చిత్రం చూసినప్పుడు ఒక్కమారు తలచుకోండి.