మైనస్ 18లో బీరు కాచిన రోజు

మినియాపోలిస్‌లో జనవరి. బయట మైనస్ 18 డిగ్రీలు. ఊపిరి వదిలితే మీసాల మీద మంచు పేరుకునే చలి. అలాంటి ఆదివారం నేనూ, నా రూమ్మేటూ గ్యారేజీలో గ్యాస్ స్టవ్ ముట్టించి బీరు కాస్తున్నాం.

నవ్వకండి! అమెరికాలో 1978లో వచ్చిన చట్టంతో ఇంట్లో తాగడానికి బీరు చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. మేం చేసేది 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ తియ్యటి నీళ్లలో హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగించాలి. వంటింట్లో చేస్తే ఇల్లంతా ఆవిరి. అందుకే చాలామంది బయటే చేస్తారు.

ఆ రోజు మంట సరిగా రాలేదు. చలికి సిలిండర్‌లో ప్రొపేన్ ప్రెషర్ పడిపోతుంది. దానికి తోడు ఈదురుగాలి.

"షటర్ దించేద్దాం మామా" అన్నాను. దించేశాం. వెచ్చగా, హాయిగా అనిపించింది.

కాసేపటికి తల బరువెక్కింది. పొద్దున కాఫీ తాగలేదు కదా, అందుకేనేమో అనుకున్నాను. రూమ్మేట్ కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. అప్పుడే ఇంట్లో గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం కీచుమని మోగింది.

స్టవ్ ఆపి, షటర్ ఎత్తి, వాణ్ని బయటికి లాక్కొచ్చి 911కి ఫోన్ చేశాను. ఆ గ్యాస్‌కి రంగుండదు, వాసనుండదు. ఫైర్ వాళ్లొచ్చి మీటర్ పెట్టి చూశారు. షటర్ కొంచెం తెరిచి పెట్టినా చాలదు, స్టవ్ పూర్తిగా బయటే ఉండాలని గట్టిగా చెప్పారు. ఇద్దరం బతికి బయటపడ్డాం. ఆ 19 లీటర్లూ పారబోశాం.

ఆ రాత్రి బాపుకు వీడియో కాల్ చేశాను. నల్లగొండ దగ్గర మా ఊళ్లో అప్పుడు సోమవారం పొద్దున. బాపు కల్లు గీస్తాడు. కాలేజీలో ఎవరడిగినా "వ్యవసాయం" అని చెప్పేవాణ్ని. ఇప్పుడు అదే పులిసే సరుకు కోసం నేను ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

అంతా విని బాపు ఒక్కటే అడిగాడు. "తలుపెందుకు మూసినవ్ రా?"

"చలి పెట్టింది బాపూ."

"చలిల తాటిచెట్టు మంచుకు తడిసి జారుతది. చేతులు కొంకర్లు పోతయ్. జల్ది దిగాలనిపిస్తది. అయినా మోకు ఒకటికి రెండుసార్లు చూసుకోనిదే నేనెన్నడన్న ఎక్కిన్నా? చలి చెప్పినట్టు ఇంటే చెట్టు ఊకుంటదా?"

నా దగ్గర జవాబు లేదు. బాపు పనిలో ఇంత లెక్క ఉందని అప్పటిదాకా నేనెప్పుడూ అడగలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ కాచాం. ఈసారి డ్రైవ్‌వేలో మంచు ఊడ్చి, నేల మీద, ఆకాశం కింద. సిలిండర్ కొత్తది నిండుగా తెచ్చాం. మరిగాక గిన్నెను మంచు కుప్పలో పెడితే క్షణాల్లో చల్లారుతుందనుకున్నా. లేదు! గిన్నెకు తగిలిన మంచు కరిగి, చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఇక టబ్బులో మంచూ నీళ్లూ కలిపి, అందులో గిన్నె పెట్టి, కలుపుతూ కూర్చున్నాం. 20 డిగ్రీలకు వచ్చాక ఇంట్లోకి తెచ్చి ఈస్ట్ వేశాం. గడ్డకట్టే చలిలో వదిలేస్తే ఈస్ట్ పనిచేయదు మరి.

మర్నాటికి బుడగలు మొదలయ్యాయి. ఫోన్ దగ్గర పెట్టి బాపుకు చూపించాను.

"మాకు లొట్టిల దానంతటదే పొంగుతది. నీకు గింత తతంగమా!" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"యాడ కాచినవ్?"

"బయటనే బాపూ."

"చలి పెట్టలేదా?"

"బాగా పెట్టింది."

"పెట్టనియ్" అన్నాడు.