కత్తి బరువు, మంత్రం భయం

కొత్త కామిక్ సంచిక చేతికి రాగానే నేను మాటలు చదవను. బొమ్మలు చూసుకుంటూ చివరిదాకా వెళ్తాను. ఇరవై చిల్లర పేజీలు, ఎంతసేపు పడుతుంది! ఆ తర్వాతే మొదటికి వచ్చి మాటలతో కలిపి చదువుతాను. కత్తులూ మంత్రాలూ ఉండే కథలకైతే ఈ పద్ధతి తప్పదనే అనుకుంటాను. ఎందుకంటే వీటిలో అసలు సంగతి బొమ్మలోనే తేలిపోతుంది. కత్తి ఎత్తినవాడి భుజంలో దాని బరువు తెలుస్తోందా? దెబ్బ తిన్నవాడు నిజంగా కూలాడా, ఊరికే వాలాడా? మాంత్రికుడు నిలబడ్డ గదిలోకి అడుగు పెట్టాలంటే మనక్కూడా జంకు పుడుతోందా? ఈ మూడూ ఉంటే కథలో చిన్నాచితకా లోపాలున్నా సర్దుకుపోతాను. లేకపోతే ఎంత గొప్ప మాటలు రాసినా నాకు ఆ సంచిక నిలవదు. ఇదే కొలబద్దతో నాలాంటి పిచ్చి ఉన్న నలుగురు మిత్రులకు ప్రతి సంచిక గురించీ రాసి పంపుతుంటాను.

2023 ఆగస్టులో టైటాన్ కామిక్స్ వాళ్ళు 'కోనన్ ది బార్బేరియన్'ను మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టినప్పుడూ అలాగే చూశాను. రచన జిమ్ జబ్, బొమ్మలు రాబ్ డి లా టోర్రే, రంగులు హోసే విల్లరూబియా. కథ చాలా సూటిగా ఉంటుంది. దేశాలు తిరిగి అలసిన కోనన్ తన పుట్టిన గడ్డ సిమ్మేరియాకు వస్తాడు. పిక్టులనే తెగవాళ్ళ అడవి వైపు నుంచి బ్రిస్సా అనే పిక్టు వేగు వచ్చి, వెనక ఒక ముప్పు ముంచుకొస్తోందని చెబుతుంది. ఆ ముప్పు, చచ్చి లేచిన మనుషుల సైన్యం. అంతే. ఈమాత్రం కథ ఇంతకుముందు వంద చోట్ల చదివాం. అయినా ఆ సంచిక పక్కన పెట్టాక చాలాసేపు మరో పని చెయ్యబుద్ధి కాలేదు నాకు. కారణం డి లా టోర్రే సిరా. నీడ పడాల్సిన చోట మొహమాటం లేకుండా నలుపు దించేశాడు. కండరం గీస్తే కింద ఎముక ఉన్నట్టు తెలుస్తుంది. గుంపులో కొట్లాట గీస్తే ఏ కాలు ఎవడిదో, ఏ చెయ్యి ఏ గొడ్డలిని పట్టుకుందో వెతుక్కోకుండా తెలుస్తుంది. ఇది చెప్పినంత తేలిక కాదు. ఈ మధ్య వచ్చే చాలా కామిక్స్‌లో పోరాటం అంటే వేగం గీతలూ మెరుపులూ తప్ప మనిషి మీద మనిషి పడ్డ జాడే ఉండదు.

ఆ గీత చూడగానే పాత అభిమానులందరికీ గుర్తొచ్చే పేరు ఒకటే, జాన్ బుసెమా. ఆ మాట చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో కూర్చుని రాబర్ట్ హోవర్డ్ కోనన్‌ను సృష్టించాడు. మొదటి కథ 1932 డిసెంబరులో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చింది. 1936లో, ముప్పై ఏళ్ళకే, హోవర్డ్ ప్రాణం తీసుకున్నాడు. అతని కథలు పేపర్‌బ్యాక్‌లుగా మళ్ళీ జనంలోకి వచ్చాక, మార్వెల్‌లో రచయిత రాయ్ థామస్ పట్టుబట్టి కోనన్ హక్కులు సంపాదించాడు. సంచికకు 200 డాలర్లు ఇస్తామన్నాడు. ఆ లెక్క సరిపోవాలంటే బొమ్మల ఖర్చు తగ్గాలి. మొదట అనుకున్న బుసెమా పారితోషికం ఎక్కువ. దాంతో బారీ స్మిత్ అనే ఇరవయ్యొక్కేళ్ళ ఇంగ్లండు కుర్రాడికి ఆ పని దక్కింది. 1970లో ఒకటో సంచిక వచ్చింది, ధర 15 సెంట్లు. అందులో కోనన్‌కు కొమ్ముల శిరస్త్రాణం, మెడలో పతకాల గొలుసు. ఆ మొదటి సంచికలో స్మిత్ ఇంకా తడబడుతూనే ఉంటాడు. 1973లో వచ్చిన ఇరవై నాలుగో సంచిక, 'ది సాంగ్ ఆఫ్ రెడ్ సోన్యా', దగ్గరకు వచ్చేసరికి గోడల మీది ప్రతి రాయి, ప్రతి నగ చెక్కడం కనపడేలా గీస్తున్నాడు. అతను వదిలేశాక ఇరవై ఐదో సంచిక నుంచి బుసెమా వచ్చాడు. సూపర్ హీరోలంటే పెద్దగా ఇష్టం లేదని చెప్పుకున్న ఆ మనిషికి కోనన్ మాత్రం సరిగ్గా కుదిరాడు. స్మిత్ కోనన్ చిరుతలా సన్నగా ఉంటాడు. బుసెమా కోనన్ నిలబడితే తలుపు మూసుకుపోతుంది.

ఈ రెండు బాటల్లో కొత్త సంచిక బుసెమా బాట పట్టింది. కొందరు దీన్ని అనుకరణ అంటారు. నేను అనను. సంగీతంలో గురువు బాణీని శిష్యుడు పాడితే తప్పు పట్టం కదా. అయితే శిష్యుడు తన గొంతు ఎక్కడ వినిపించాడో చూడాలి. డి లా టోర్రే గొంతు వాతావరణంలో వినిపిస్తుంది. అతని చలి, పొగ, బురద బుసెమా దగ్గర ఇంత దట్టంగా ఉండవు.

కత్తి సంగతి ఇది. ఇక మంత్రం. ఇక్కడే చాలా సంచికలు బోల్తా పడతాయి.

మంత్రం అంటే చేతుల్లోంచి వచ్చే రంగు వెలుగు కాదు. ఈ కోవ కథల్లో మంత్రం మనిషికి అందనిది, ముట్టుకుంటే మైల అంటేది, వాడినవాడినీ తినేసేది. దాని లెక్కలు మనకు తెలిసిపోతే ఇక భయం ఉండదు. హోవర్డ్‌కు ఈ రహస్యం బాగా తెలుసు. 1933 మార్చిలో వచ్చిన అతని 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్' చూడండి. కోనన్ ఇంకా కుర్ర దొంగ. యారా అనే మాంత్రికుడి గోపురంలో ఒక రత్నం ఉందని విని గోడ దూకుతాడు. తోటలో సింహాలు, పైన రాక్షసి సాలీడు. అన్నీ దాటి ఒక గదిలోకి వెళ్తే అక్కడ పాలరాతి ఆసనం మీద ఏనుగు తల, మనిషి ఒళ్ళు ఉన్న ఆకుపచ్చ ఆకారం. విగ్రహం అనుకుంటాడు. తొండం కదులుతుంది. కళ్ళు తెరుచుకుంటాయి, కానీ వాటికి చూపు లేదు. ఆ తొండం కోనన్‌ను తడుముతుంది. చూపు లేని ఆ కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. అప్పుడు కోనన్ దాని కాళ్ళూ చేతులూ చూస్తాడు. చిత్రహింసలు పెట్టి పాడుచేసిన అవయవాలు. అంతవరకు బిగుసుకుపోయిన మనిషిలో భయం పోయి జాలి పుడుతుంది. రత్నం కోసం వచ్చినవాడు చివరికి ఆ ప్రాణి అడిగింది చేసిపెట్టి, ఒట్టి చేతులతో బయటపడతాడు.

ఈ ఘట్టాన్ని ఒక అమెరికన్ పాఠకుడు ఎలా చదువుతాడో తెలియదు గానీ, వినాయకుడికి ఉండ్రాళ్ళు పెట్టి పెరిగినవాళ్ళం మనం దాన్ని మామూలుగా దాటిపోలేం. మనకు ఏనుగు తల చూస్తే భయం రాదు, చెయ్యి దానంతటదే దణ్ణానికి లేస్తుంది. అలాంటి ముఖాన్ని గుడ్డిదాన్ని చేసి, కట్టిపడేసి, ఒక మాంత్రికుడు దాని విద్యనంతా పిండుకున్నాడంటే మనకు తగిలే దెబ్బ వేరు. యారా ఎంత నీచుడో కోనన్ కంటే ముందు నాకే అర్థమైనట్టు అనిపించింది.

రాయ్ థామస్ ఈ కథను రెండుసార్లు కామిక్ చేశాడు. 1971లో స్మిత్‌తో రంగుల్లో, నాలుగో సంచికగా. 1977లో 'శావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్' ఇరవై నాలుగో సంచికలో బుసెమాతో నలుపు తెలుపుల్లో, సిరా ఫిలిప్పీన్స్ చిత్రకారుడు అల్ఫ్రెడో అల్కాలాది. అల్కాలా గీత మీద గీత గీసి నీడను మెల్లగా అల్లుతాడు. తెల్లకాగితం అక్కడక్కడ మాత్రమే ఊపిరి తీసుకుంటుంది. స్మిత్ దగ్గర ఆ ప్రాణి దుఃఖం ముందు కనిపిస్తుంది. అల్కాలా దగ్గర ఆ గది ముందు కనిపిస్తుంది, అక్కడ ఎన్ని యుగాలు గడిచాయో తెలుస్తుంది, దుఃఖం ఆ తర్వాత వస్తుంది. రెండింటిలో ఒకటే ఉంచుకొమ్మంటే నేను అల్కాలానే ఉంచుకుంటాను.

మంత్రగాడంటే భయం నాకు మొదట నేర్పింది మాత్రం 'చందమామ'. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళు, వాటికి చిత్ర గారి బొమ్మలు. నెలకో భాగం, ప్రతి భాగం చివర ఒక గండం. ఆ భాగాలు నేర్పిన ఓపికే ఇప్పుడు కోనన్ సంచికల కోసం ఎదురుచూడటానికి పనికొస్తోంది. చిత్ర గారి మాంత్రికుల మొహాలు ఇప్పటికీ గుర్తే. వాళ్ళ కళ్ళు ఎప్పుడూ బొమ్మ బయట ఉన్న దేన్నో చూస్తుంటాయి.

టైటాన్ సంచికల మీద నా ఫిర్యాదు మంత్రం దగ్గరే. మొదటి నాలుగు సంచికల కథ ఒక నల్లరాతి చుట్టూ తిరుగుతుంది. ఆ రాయి 1931లో అచ్చయిన హోవర్డ్ 'ది బ్లాక్ స్టోన్' కథ నుంచి వచ్చింది. మొదట్లో అది బాగా భయపెట్టింది, ఎందుకంటే అదేమిటో తెలియదు. పోనుపోను దాని చుట్టూ వివరణలు పెరిగాయి. 2024లో 'బ్యాటిల్ ఆఫ్ ది బ్లాక్ స్టోన్' అని నాలుగు సంచికల ప్రత్యేక కథ వచ్చేసరికి కోనన్, సాలమన్ కేన్, డార్క్ ఆగ్నెస్, ఎల్ బొరాక్, ఇలా వేర్వేరు కాలాల హోవర్డ్ పాత్రలన్నీ ఒకే ముప్పు ఎదుట నిలబడ్డాయి. పాత్రలన్నిటినీ ఒక్కచోట చూడటం అభిమానికి పండగే, కాదనను. కానీ లోకం మొత్తం మునిగిపోతోందంటే నాకు కోనన్ చిన్నబోయినట్టు ఉంటుంది. లోకాన్ని కాపాడటం వేరే వీరుల పని. కోనన్ పోట్లాడేది కూలి డబ్బుల కోసం, ఒక మనిషి కోసం, ఆ రాత్రి బతికి బయటపడటం కోసం.

అందుకే ఐదు నుంచి ఎనిమిది సంచికల కథ 'త్రైస్ మార్క్‌డ్ ఫర్ డెత్' నాకు ఎక్కువ నచ్చింది. బొమ్మలు డగ్ బ్రైత్‌వెయిట్. తను ప్రేమించిన సముద్రపు దొంగల రాణి బెలిత్ చనిపోయాక, కోనన్ దుఃఖం మింగలేక మళ్ళీ దొంగతనాల్లో పడతాడు. తాగుతాడు, తెగిస్తాడు. ఇక్కడ జబ్ రాత పదును తేలింది. ఆయన క్యాప్షన్లు కథ చెప్పేవాడి గొంతులో ఉంటాయి, పాత్ర మనసులో గొణుక్కునే మాటల్లా ఉండవు. ఈ కోవ కథలకు ఆ గొంతే సరైనది. ఎప్పుడో జరిగిపోయిన కథను పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నారన్న ధైర్యం పాఠకుడికి ఉండాలి. కాకపోతే బొమ్మ చూపిస్తున్నదాన్నే క్యాప్షన్ మళ్ళీ చెప్పే చోట్లు ఉన్నాయి. అక్కడ ఒక్క వాక్యం తీసేస్తే ఆ పేజీ ఇంకా బలంగా ఉండేది.

ఇంకో మాట కూడా అభిమానులమే చెప్పాలి. హోవర్డ్ కథల్లో నల్లజాతి మనుషుల్ని, అడవి జాతుల్ని చూపిన తీరు చాలాచోట్ల మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ కాలం అలాంటిది అని దాటేస్తే సరిపోదు. పిక్టులంటే పాత కథల్లో పొదల్లోంచి దూకే శత్రువులే. అదే జాతి నుంచి బ్రిస్సాను తెచ్చి కోనన్‌కు సమానంగా పక్కన నిలబెట్టడం జబ్ చేసిన మంచి పని. ఆమెకు తన తెగ ఉంది, తన కోపం ఉంది. 1973లో రెడ్ సోన్యా అనే కత్తి యోధురాలు వచ్చినప్పుడు కూడా ఇలాంటి గాలే వీచి ఉంటుందనుకుంటాను. ఆవిడకు మాత్రం ఆ తర్వాత ఇనప బిళ్ళల బికినీ తొడిగి అన్యాయం చేశారు.

నేను ఎక్కువగా ట్యాబ్‌లో చదువుతాను. ఒక్కో ప్యానెల్‌నూ పెద్దది చేసి చూపించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాడొద్దని మిత్రులకు చెబుతాను. పేజీ మొత్తం ఒకేసారి కంటపడాలి. పైన మూడు ఇరుకు ప్యానెళ్ళు, కింద ఒక్కసారిగా వెడల్పాటి యుద్ధభూమి. ఆ ఇరుకు చూశాక వచ్చే వెడల్పులోనే ఊపు ఉంది. విడగొడితే ఆ ఊపు పోతుంది. 2024 నుంచి టైటాన్ మళ్ళీ తెస్తున్న 'శావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్' మాత్రం కాగితం మీదే చూడాలి. నలుపు తెలుపులు, పెద్ద సైజు. అందులో సాలమన్ కేన్ కథను ప్యాచ్ జర్కర్ తనే రాసి తనే బొమ్మలు వేశాడు. రాసినవాడే గీస్తే మాటా బొమ్మా ఒకదాన్నొకటి తొక్కుకోవని ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది.

పాత మార్వెల్ సంచికల వెనక 'ది హైబోరియన్ పేజ్' అని పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. నెల తిరిగేసరికి ఏ బొమ్మ కుదిరింది, ఏ కథ దారి తప్పింది అని పాఠకులే తేల్చేవారు. టైటాన్ సంచికల చివర హోవర్డ్ పరిశోధకుడు జెఫ్రీ షాంక్స్ రాసే వ్యాసాలు బాగుంటాయి, వాటి నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. అయినా ఆ ఉత్తరాల గొడవ వేరు. నేను మిత్రులకు రాసేది ఆ గొడవ కోసమే. ఒక్క సంచికలోనే ముగిసే కథలు కావాలని పోయినసారి రాసినదానికి ఒక మిత్రుడు గట్టిగానే తగువు పడ్డాడు. నాలుగేసి సంచికలు సాగితేనే కథకు లోతు వస్తుందని, నాది పాతకాలపు పట్టింపని అతని వాదన. నేను స్మిత్ నాలుగో సంచిక తీసి చూడమన్నాను. గోడ దూకడం, సింహాలు, సాలీడు, ఏడ్చే ఏనుగు, యారా అంతం, గోపురం కూలడం, అన్నీ ఒక్క సంచికలోనే. టైటాన్ వాళ్ళనీ నేను అడిగేది అదే: నాలుగు సంచికల కథలు ఎన్ని వేసినా సరే, మధ్యలో ఏడాదికి రెండైనా ఆ సంచికలోనే మొదలై అక్కడే ముగిసే కథలు వెయ్యండి, వాటిలో ఒకటి డి లా టోర్రే చేతికివ్వండి.