మెర్లిన్ లేని స్పిట్‌ఫైర్

రెండో యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం కడుతున్నామని చెబితే ఇక్కడ ఇంగ్లండులో మొదట అడిగేది ‘మెర్లినేనా?’ అని. మా ఊరు రామారెడ్డి నుంచి బాపు ఫోన్లో అడిగింది వేరు: ‘ఎన్ని హెచ్‌పీ బిడ్డా?’ నన్నడిగితే బాపు ప్రశ్నే మేలు, కాకపోతే అది సగం ప్రశ్న. ఆ హెచ్‌పీ ఎంత వేగంతో తిరిగితే వస్తుంది, ఎన్ని గంటలు ఆగకుండా ఇస్తుంది అన్నది మిగతా సగం.

కోవెంట్రీ దగ్గర ఒక పాత వ్యవసాయపు షెడ్డులో శనివారాలు కలుసుకునే గుంపు మాది. ఆస్ట్రేలియా కిట్టు, అల్యూమినియం రేకు, లెక్కలేనన్ని రివెట్లు. కొలతలన్నీ అసలు స్పిట్‌ఫైర్‌లో 80 శాతం. రెక్కల దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ఇంజిన్ దగ్గరే షెడ్డు రెండుగా చీలింది.

అసలు స్పిట్‌ఫైర్ ఇంజిన్ మెర్లిన్ మాట మొదట తేల్చేద్దాం. 27 లీటర్లు, 12 సిలిండర్లు, 1940 నాటి రకమే వెయ్యి హెచ్‌పీ దాటేది, బరువు 600 కిలోలకు పైనే. పొడవు 80 శాతమైతే రెక్కల వైశాల్యం 64 శాతానికి, ఘనపరిమాణం 51 శాతానికి పడిపోతాయి. అలాంటి విమానం ముక్కున మెర్లిన్ పెడితే తోక నేలకు ఆనదు. ఆ చప్పుడు కావాలనుకునేవాళ్లు ఎయిర్‌షోకు టికెట్టు కొనుక్కోవడం చౌక.

అసలు పోటీ కారు ఇంజిన్‌కూ విమానాల ఇంజిన్‌కూ మధ్యే. ఈ కిట్టు మొదట్లో జబిరు 8 సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చేది, తర్వాత కొందరు కారు వీ6 వైపు మళ్లారు. వీ ఆకారం సన్నటి ముక్కులో చక్కగా ఇముడుతుంది. నేను కారు ఇంజిన్ల మీదే బతికేవాణ్ని కాబట్టి దానికే ఓటేస్తానని అందరూ అనుకున్నారు. నేను వెయ్యలేదు.

ఎందుకంటే 1.8 మీటర్ల ప్రొపెల్లర్‌ను నిమిషానికి 5000 చుట్లు తిప్పితే దాని కొసలు సెకనుకు 470 మీటర్ల వేగంతో పోతాయి. ధ్వని వేగం 340. అక్కడ పుట్టేది లాగుడు కాదు, గోల. అదే 2700 చుట్ల దగ్గర 255 మీటర్లు, అది సరిపోతుంది. అందుకే కారు ఇంజిన్‌కు వేగం సగానికి తగ్గించే గేర్‌బాక్సు తప్పదు. గేరు ఉండడం తప్పేమీ కాదు, 3000 చుట్లు తిరిగే మెర్లిన్‌కూ ఉండేది. చిక్కంతా షాఫ్టును మెలిపెట్టే కంపనంతో. కారులో దాన్ని క్లచ్చు, టైర్లు కొంత మింగేస్తాయి. ప్రొపెల్లర్ బరువు చివర వేలాడుతుంటే ఏ వేగం దగ్గర గేర్ల పళ్లు విరుగుతాయో కొలిచి చూసుకోవాలి, అంచనా పనికిరాదు.

రెండోది లోడు. మోటార్‌వే మీద కారు తన శక్తిలో పావు వంతుతో నెట్టుకొస్తుంది. విమానం పైకి లేచేటప్పుడు పూర్తి శక్తి, ఆ తర్వాత గంటల తరబడి 65 నుంచి 75 శాతం. కరెంటు ఉన్నంతసేపూ నిండు లోడు మీద నడిచే బోరు మోటరు లాంటి బతుకది. వైండింగు కాలితే మోటరు పైకి గుంజుకుని రామారెడ్డి రైతు రిపేరుకు కామారెడ్డికి ఎత్తుకుపోతాడు, మేము రెండు వేల అడుగుల మీద ఉంటాం.

కారు ఇంజిన్లతో విమానాలు ఎగరడం లేదని కాదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్ చిన్న సింగిల్ సీటర్లను దశాబ్దాలుగా మోస్తోంది. దాని ప్రొపెల్లర్ చిన్నది, గేర్లు అక్కర్లేదు.

నా ఓటు లైకమింగ్ ఓ-360కి. 5.9 లీటర్ల నుంచి 180 హెచ్‌పీయేనా అని ఆఫీసులో కుర్రాళ్లు నవ్వుతారు. కానీ ఆ 180 వచ్చేది 2700 చుట్ల దగ్గర, గేరు లేకుండా. ఒక్కో సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, విడివిడిగా రెండు మాగ్నెటోలు, బ్యాటరీ చచ్చినా ఇంజిన్ ఆగదు. రేడియేటర్ లేదు, నీళ్లు కారే గొడవ లేదు. దోషాలూ ఉన్నాయి. వెడల్పు 85 సెంటీమీటర్లు, కాబట్టి ముక్కుకు రెండు పక్కలా స్పిట్‌ఫైర్‌కు ఎన్నడూ లేని ఉబ్బులొస్తాయి. అసలుదానితో పోలిస్తే తేలిక గనక మౌంటు పొడిగించి ముందుకు జరపాలి, లేకుంటే గరిమనాభి వెనక్కి పోతుంది. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. పాతదాంట్లో చూడాల్సింది నడిచిన గంటలు మాత్రమే కాదు, నడవని ఏళ్లు కూడా. దీని క్యామ్‌షాఫ్టు పైన ఉంటుంది, ఊరికే పడి ఉంటే నూనె జారిపోయి తుప్పు పడుతుంది. ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకు తగిలిందా అన్నది లాగ్‌బుక్కులో వెతకాలి.

చివరికి షెడ్డు లైకమింగ్‌కే మొగ్గింది. ఒక పెద్దాయన మాత్రం ఇంజిన్ మార్చాక అది స్పిట్‌ఫైరే కాదన్నాడు. సగం ఒప్పుకుంటాను. బికనేర్ కోటలో ఏనుగుల సాలలో దొరికిన మొదటి యుద్ధపు విమానం డీహెచ్9ను ఇక్కడికి తెచ్చి బాగుచేసి, దానికి తగ్గ ప్యూమా ఇంజిన్‌తోనే 2019లో ఎగరేశారు. పాతదాన్ని నిలబెట్టడం అంటే అది. మాది నకలు. పైగా స్పిట్‌ఫైరే మెర్లిన్ వదిలి గ్రిఫన్‌కు మారింది, ప్రొపెల్లర్ తిరిగే దిక్కుతో సహా. మస్టాంగ్ విమానం పేరు మోగింది అలిసన్ ఇంజిన్ తీసి మెర్లిన్ పెట్టాకే.

ఇంజిన్ మార్పుకు అన్నిటికంటే పెద్ద ఉదాహరణ మన డబ్బుతో కట్టింది. ప్యూమా మా కోవెంట్రీ సరుకే. 300 హెచ్‌పీ ఇస్తుందని ఆశపడితే పోతపనిలో లోపాలతో 230 దగ్గర ఆగింది. దాంతో కొత్త డీహెచ్9, అంతకుముందున్న డీహెచ్4 కన్నా తీసికట్టయింది. దానికే రెక్కలు పెంచి 400 హెచ్‌పీ అమెరికా లిబర్టీ ఇంజిన్ పెడితే డీహెచ్9ఏ అయింది, అది మంచి విమానమని పేరు తెచ్చుకుంది. ఆ రకంతో 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి యుద్ధానికి దిగిన మొదటి దళం 110వ స్క్వాడ్రన్. దాని విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక, అందుకే దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్నారు. కానుక నిజాందే కావచ్చు, ఖజానా మాత్రం రైతుల శిస్తుతో నిండింది. ఈ మాట ఇక్కడి పుస్తకాల్లో కనబడదు.

రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌దీ హైదరాబాద్ పేరే, చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఇంజిన్ సంగతి ఓటుతో తేలింది గానీ రంగుల విషయంలో నేను గుంపు మాట వినలేదు. మా విమానం పక్కన 152 వాళ్ల ‘యూఎం’ అక్షరాలే రాస్తాం.

లండన్ వచ్చే కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు ఒక మాట. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌లోనూ తర్వాత పోలెండులోనూ ఉండి, 1977లో తిరిగొచ్చిన 110వ స్క్వాడ్రన్ డీహెచ్9ఏ ఒకటి హెండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. నంబరు ఎఫ్1010. కాలిండేల్ స్టేషన్లో దిగి నడిచి వెళ్లొచ్చు. టికెట్టు లేదు.